శవాల గది వెనక గోలెం

నర్సు ట్రైనింగులో చేరిన పిల్లలు మధ్యలో ఎందుకు మానేస్తారని ఎవర్నడిగినా ఒకటే పాట పాడతారు. రక్తం చూసి భయపడ్డారట. బెడ్ పాన్ ఎత్తలేకపోయారట. ఇంగ్లీషు ఎక్కలేదట. ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఈ మాటలు విని విని నా చెవులు చిల్లులు పడ్డాయి.

మొన్న మా పాత స్కూల్లో కొత్తగా టీచరుగా చేరిన ఒకమ్మాయి ఇంటికొచ్చింది. ఈ ఏడు కూడా పిల్లలు ఒక్కొక్కరే జారిపోతున్నారు, మీ రోజుల్లో మీరేం చేసేవారమ్మా అని అడిగింది. మా రోజుల్లో మేమేదో పొడిచేశామని ఆ పిల్ల నమ్మకం. కూర్చుని చెప్పే ఓపిక నాకు లేదు తల్లీ, మోకాళ్ళూ సహకరించవు, గొంతూ సహకరించదు, రాసి ఇస్తాను పట్టుకుపో అన్నాను. అదే ఇది.

ఇందులో నాకెప్పుడు ప్రమోషన్ వచ్చిందో, ఎవరు శాలువా కప్పారో ఉండదు. అవి ఎవరికీ పనికిరావు. పనికొచ్చేది ఒకటే చెప్తాను. మిగతాది మీరే నేర్చుకుంటారు, మేం నేర్చుకున్నట్టే, తల ప్రాణం తోకకొచ్చాక.

రక్తం కాదు

నేను పాఠాలు చెప్పిన స్కూలు పోర్టుకి దగ్గర్లో ఒక ఆస్పత్రి వెనకాల ఉండేది. గాజువాక అవతల స్టీలు ప్లాంటు కడుతున్న రోజులు. పరంజా మీంచి పడ్డవాళ్ళు, ఆటోనగర్‌లో మిషన్ల కింద వేళ్ళు నలగ్గొట్టుకున్నవాళ్ళు, రేవులో బస్తాల కింద పడ్డవాళ్ళు, అందరూ మా దగ్గరకే వచ్చేవారు. ట్రైనింగుకి వచ్చే పిల్లలు చాలామంది ఆనందపురం, భీమిలి పక్క పల్లెల నుంచి, కొందరు వన్ టౌన్ నుంచి. టెన్తు పాసై, ఒక రేకు పెట్టె పట్టుకుని దిగేవారు.

ఆ పిల్లలు రక్తానికి భయపడతారంటే నాకు నవ్వొస్తుంది. దూడ అడ్డం తిరిగితే చెయ్యి పెట్టి తిప్పిన పిల్లలు వాళ్ళు. తెల్లారి లేస్తే పేడ తట్ట ఎత్తిన చేతికి బెడ్ పాన్ ఒక లెక్కా? ఇంగ్లీషు సంగతంటారా, మందు సీసా మీద పేరు చదవలేకపోతే రంగు చూసి, ఆకారం చూసి గుర్తుపెట్టుకునేవారు, ఆర్నెల్లలో చదవడమూ వచ్చేసేది. భయపడి పోయినవాళ్ళు అసలు లేరని అనను. ఉన్నారు. కానీ వాళ్ళు మొదటి వారంలోనే ఏడ్చి, చెప్పి, పోయేవారు.

నన్ను తినేసింది రెండో రకం. బాగానే ఉండేవారు. పని నేర్చుకునేవారు. మూడు నాలుగు నెలలయ్యేసరికి మొహం పీక్కుపోయేది, కళ్ళు లోతుకి పోయేవి. ఒక ఆదివారం ఇంటికెళ్ళేవారు, మరి వచ్చేవారు కాదు. తర్వాత అన్నో తమ్ముడో వచ్చి రేకు పెట్టె పట్టుకుపోయేవాడు. ఏమైంది బాబూ అంటే ఒంట్లో బాగోలేదండి అనేవాడు, నా మొహం చూడకుండా.

మేట్రన్ గారి ప్రశ్న

అప్పుడు మాకు పైన మేట్రన్ గారు. పనిలో ఆవిడ్ని మించినవాళ్ళని నేను చూడలేదు. గుమ్మంలో నుంచునే ఏ మంచం దగ్గర పుండు చీము పట్టిందో చెప్పేసేది. ఒక పేషెంటు కోసం పెద్ద డాక్టరుతో కూడా తగువుకి దిగేది. కానీ ఒక్కటి రాదు ఆవిడకి. వినడం రాదు. ఎదుటివాళ్ళు నోరు తెరిచేలోపు జవాబు ఆవిడ దగ్గర రెడీగా ఉండేది.

కొత్త పిల్లలు చేరిన మొదటిరోజు అందర్నీ వరసలో నిలబెట్టేది. "మైల, అంటు నమ్మేవాళ్ళు చెయ్యెత్తండి" అనేది. ఒక ఏడు ఒక పిల్ల పాపం నిజంగానే ఎత్తింది. మేట్రన్ గారు ఆ పిల్లని ముందుకి పిలిచి, ఈవిడకి ఆస్పత్రి కాదు, గుడి కావాలట అంది. అందరూ నవ్వారు. ఆ పిల్ల ఆ వారంలోనే పెట్టె సర్దుకుంది. ఆ తర్వాత ఏ ఏడూ ఎవరూ చెయ్యెత్తలేదు. "చూశావా ఎస్తేరూ, పల్లెల్లో కూడా మూఢనమ్మకాలు పోతున్నాయి" అని మేట్రన్ గారు సంబరపడేది.

నాకూ ఆ ప్రశ్న నచ్చేది. ఎందుకో చెప్పాలి. మా అమ్మ రేవులో మాంగనీసు తట్టలు మోసింది. అంతకు ముందు పల్లెలో కూలికెళ్ళేది. దాహం వేస్తే చెంబు చేతికిచ్చేవారు కాదు, అరుగు మీంచి దోసిట్లోకి పోసేవారు. పొరపాటున మా అమ్మ చెంగు తగిలితే స్నానం చేసేవారు. ఎవరో చనిపోతే చేసినట్టు, మా అమ్మ బతికుండగానే. అందుకని మైల అనే మాట వింటే నాకు కడుపు రగిలిపోయేది. ఆ మాటని ఎవరు ఎగతాళి చేసినా నాకు బాగుండేది.

పైడితల్లి

ఎనభైల్లో ఒక వేసవి ముందు పైడితల్లి చేరింది. ఆనందపురం అవతల ఒక రైతు కుటుంబం. తండ్రి అప్పలనాయుడు గారు గొడుగు చంకలో పెట్టుకుని, కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చాడు. మనిషి కటువుగా ఉన్నాడు.

"దీని మనసంతా ఈ పని మీదే ఉన్నాదండి. నానొద్దన్నాను. ఒక్కపాలి ఒగ్గీసి ఇంటికొచ్చినాదంటే మరి పంపనండి. దానికీ సెప్పినాను" అన్నాడు.

పైడితల్లి నేల చూస్తూ నుంచుంది. తర్వాత మెల్లిగా తెలిసింది నాకు. వాళ్ళ వదిన కాన్పు కష్టమై, ఆస్పత్రికి తీసుకొస్తుంటే బండి మీదే పోయింది. ఆవిడ తల ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నది ఈ పిల్లే. వాళ్ళ ఊళ్ళో కాన్పు చెయ్యగలిగిన మనిషి ఒకరుండాలి, అది తనే కావాలి అని పట్టు పట్టి, ఇంట్లో పోట్లాడి వచ్చింది. ఇంకో దారి లేదు ఆ పిల్లకి. ఒకసారి మానేస్తే అంతే సంగతులు.

ఆమెతో ఒకే గదిలో ముంతాజ్ ఉండేది. వన్ టౌన్ పిల్ల, వాళ్ళ నాన్నది గిన్నెలకి కళాయి పెట్టే కొట్టు. పైడితల్లి రోజంతా మాట్లాడే మాటలు ముంతాజ్ ఒక్క ఊపిరిలో మాట్లాడేది. ఇద్దరికీ ఎలా కుదిరిందో గానీ, కుదిరింది.

ఆఖరి పని

మా వార్డుల్లో ఒక ఆచారం ఉండేది. ఎవరైనా చనిపోతే కళ్ళు మూసి, దవడకి గుడ్డ కట్టి, ఒళ్ళు తుడిచి, దుప్పటి చుట్టి శవాల గదికి పంపేవరకూ నర్సు పని. మేం దాన్ని ఆఖరి పని అనేవాళ్ళం. ఆ పని కొత్త పిల్లలకే అప్పజెప్పేవారు. గట్టిపడతారట. ఎవరు పెట్టారో ఆ ఆచారం, మేమూ అలాగే నేర్చుకున్నాం, వాళ్ళూ అలాగే నేర్చుకోవాలి.

పైడితల్లి మొదటిసారి చేసింది ఒక ముసలావిడకి. ఎవరూ లేరు ఆవిడకి, రేవు దగ్గర అడుక్కునేది. నేను పక్కన నుంచుని చూశాను. పిల్ల అన్నీ వరసగా చేసుకుపోయింది. అంతా అయ్యాక, పుస్తకంలో లేని పని ఒకటి చేసింది. ముసలావిడ జుట్టు చిక్కులు తీసి, దువ్వి, ముడేసింది. ఈ పిల్ల నిలబడుతుంది అనుకున్నాను.

బాగా చేస్తుందని తెలిశాక వార్డు సిస్టరు ప్రతిసారీ ఆమెనే పిలవడం మొదలుపెట్టింది. పని వచ్చినవాళ్ళ నెత్తినే పని పెట్టడం మన ఉద్యోగంలో ఉన్నదే. అది వేసవి. వాంతులూ భేదులూ పట్టుకున్నాయి. రోజూ ఎవరో ఒకరు పోతున్నారు. ఆఖరి పని రోజూ పైడితల్లిదే.

పిల్ల చిక్కిపోవడం మొదలైంది. అదే పీక్కుపోయిన మొహం, అవే లోతు కళ్ళు. ఒకరోజు రౌండ్సులో డాక్టరు పక్కన ట్రే పట్టుకుని నుంచున్నది నుంచున్నట్టే కూలబడింది. సూదులు, సీసాలు నేల మీద. శవాలతో ఎక్కువ స్నేహం చేసింది, ఏదో పట్టుకున్నట్టుంది అని డాక్టరు జోకేశాడు. నర్సులూ నవ్వారు. పెద్ద డాక్టరు జోకేస్తే నవ్వడం కూడా మా డ్యూటీలో భాగమే అప్పట్లో.

మేట్రన్ గారు నవ్వలేదు. "భయం. పైకి చెప్పదు, లోపల్లోపల కుళ్ళిపోతోంది. ఇలాంటివాళ్ళు పనికిరారు ఎస్తేరూ. తండ్రికి కబురు పెట్టు, తీసుకుపోతాడు" అంది. ఆనందపురం నుంచి రోజూ పాలు తెచ్చే అతనితో ఆవిడే కబురు పంపించేసింది.

తొట్టి

ఆ మధ్యాహ్నం హాస్టలుకి వెళ్ళాను. పైడితల్లి గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. ఏమైందమ్మా అంటే ఏటీ నేదండి అంది. నాలుగుసార్లు అడిగితే నాలుగుసార్లూ అదే మాట. నాకు విసుగొచ్చి లేవబోయాను. అప్పుడు ముంతాజ్ తలుపుకి అడ్డం నుంచుంది.

"అది సెప్పదండి టీచరమ్మ, నాను సెప్తాను. దానికి బయ్యం నేదు, గియ్యం నేదు. ఆకలండి" అంది.

ఆకలేమిటి, మెస్సులో అన్నం పెట్టడం లేదా అన్నాను. పెడుతున్నారట, ఈ పిల్ల తినలేకపోతోందట. ముంతాజ్ చెప్పుకుపోయింది. శవాన్ని ముట్టుకుని వచ్చాక తలమీంచి నీళ్ళు పోసుకోకుండా పైడితల్లి కూటి దగ్గర కూర్చోదు. డ్యూటీ దిగి వచ్చేసరికి తొట్టిలో నీళ్ళుండవు. పొద్దున్న కుళాయి వచ్చాక స్నానం చేసి వచ్చేసరికి మెస్సులో టిఫిను అయిపోతుంది, పరుగెత్తి మళ్ళీ డ్యూటీకి. మధ్యాహ్నం తిందామనుకుంటే ఆ లోపు ఇంకొకరు పోతారు. టీ తాగి, ఒక బిస్కట్టు నమిలి నెట్టుకొస్తోంది.

మా హాస్టలు తొట్టి సంగతి చెప్పాలి ఇక్కడ. ఈ ఊళ్ళో ఆ రోజుల్లో వేసవిలో నీళ్ళ కోసం పడ్డ పాట్లు ఉన్నవాళ్ళకే తెలుసు. కుళాయి పొద్దున్న కాసేపు వచ్చేది. అది తొట్టికెక్కేది. గాలి పోర్టు వైపు నుంచి తిరిగిందంటే ముడి ఇనుం దుమ్ము వచ్చి, ఆరేసిన తెల్లచీరలు తాడు మీదే ఎర్రబడేవి. మాసిన చీరతో వస్తే మేట్రన్ గారు వార్డు గుమ్మం ఎక్కనివ్వదు. అందరూ రోజూ ఉతికేవారు. మధ్యాహ్నానికి తొట్టి అడుగు కనిపించేది. నాకు తెలియని విషయం కాదు ఇది. రోజూ చూస్తున్నదే. ఆ తొట్టినీ, ఈ పీక్కుపోయిన మొహాలనీ కలిపి చూడాలని తోచలేదు, అంతే.

"నాను ఒక బాల్టీ నీల్లు దాసినానండి దానికోసం. ఎవులో గిన్నెలు కడిగీసినారు" అంది ముంతాజ్. "మా ఇంట్లోనూ అంతేనండి, సవాన్ని కడిగినోలు తానం సెయ్యాల. నాను సెయ్యకండా తినీసి, తరవాత ఏడుత్తాను. ఇది తిననూ తినదు, ఏడవనూ ఏడవదు."

మరి ఇన్నాళ్ళూ ఒక్కరూ నోరు విప్పలేదేం అని అడిగాను. ముంతాజ్ నావైపు వింతగా చూసింది. మొదటిరోజు మేట్రనమ్మ చెయ్యెత్తమన్నప్పుడు ఎవరం ఎత్తలేదు కదండీ, ఇప్పుడెలా చెప్తాం అంది.

నేను మంచం మీద కూర్చుండిపోయాను. రేకు పెట్టెలు పట్టుకుపోయిన అన్నలూ తమ్ముళ్ళూ అందరూ కళ్ళముందు తిరిగారు. వాళ్ళ చెల్లెళ్ళు ఇంటికెళ్ళి ముందుగా ఏం చేసి ఉంటారో అప్పుడర్థమైంది. పెరట్లో తనివితీరా నీళ్ళు పోసుకుని, కడుపునిండా తిని ఉంటారు. అంత తిన్నాక మళ్ళీ ఇక్కడికి రాబుద్ధి ఎవరికవుతుంది?

నాకు జాలి కలిగిందని రాస్తే అందంగా ఉంటుంది. కలగలేదు. కోపం వచ్చింది. ఈ పిల్ల ఎవరి ఇంటి నుంచి వచ్చిందో నాకు తెలుసు. అడగకుండా ఉండలేకపోయాను. "మీ ఇంట్లో నన్ను ముట్టుకున్నా స్నానం చేస్తారు కదూ?" అన్నాను.

పైడితల్లి లేచి కూర్చుంది.  అబద్ధం చెప్తుందనుకున్నాను.

"మా అమ్మ సేత్తాదండి" అంది.

"నువ్వో?"

"మీరు నా సెయ్యి అట్టుకునే కదండీ ఇంజక్సన్ నేర్పినారు. నాను మీ పక్కనే కూకుని తిన్నాను కదండీ."

చెయ్యను అని అనలేదు. చేస్తాను అని అనలేదు. జరిగింది చెప్పింది. నిజం చెప్పాలంటే ఇంకే జవాబు చెప్పినా నేను నమ్మేదాన్ని కాదు.

నా గదిలో నాకోసం పట్టి పెట్టుకున్న బకెట్టు నీళ్ళున్నాయి. వెళ్ళి పోసుకో అన్నాను. ఏమంటుందో చూద్దామనే అన్నాను, దాచను. ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు ఆ పిల్ల. లేచి తూలుకుంటూ వెళ్ళింది, నా బకెట్టు, నా చెంబు, నా నీళ్ళు, పోసుకుని వచ్చింది. ముంతాజ్ మెస్సు ఆయమ్మని బతిమాలి కంచం తెచ్చింది. పైడితల్లి తింటుంటే నేను చూడలేక కిటికీ వైపు తిరిగాను. అలా తింటారా మనుషులు ఆకలేస్తే అనిపించింది.

పుస్తకంలో మాట

కోపం చల్లారకుండానే మేట్రన్ గారి గది తలుపు తట్టాను. విషయం చెప్పాను. ఆవిడ కళ్ళజోడు తీసి నన్ను చూసింది.

"మైల కోసం నీళ్ళడుగుతున్నావా? ఎస్తేరూ, నువ్వు?"

ఆ 'నువ్వు' నాకు తగలాల్సిన చోటే తగిలింది. మా అమ్మ సంగతి ఆవిడకి తెలుసు. నేనే చెప్పాను ఒకప్పుడు.

మైల గురించి మీతో వాదించే ఓపిక నాకు లేదండీ అన్నాను. భేదులతో పోయిన శవాన్ని తుడిచిన పిల్ల ఒళ్ళు కడుక్కోవడానికి చెంబెడు నీళ్ళు లేక, అదే చీరతో వెళ్ళి మెస్సులో మంచినీళ్ళ కుండలో చెయ్యి పెడుతోంది, మీరు మొదటినెలలో చెప్పే శుభ్రత పాఠమే ఇది, దాని పేరు మీరు మరొకటి పెట్టారు, అంతే తేడా అన్నాను. ఇంత పొడుగ్గా ఆవిడ ముందు నేనెప్పుడూ మాట్లాడలేదు. ఆవిడ వినడమూ అదే మొదటిసారి.

కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుని, "నీళ్ళు దేంట్లో పోస్తావు?" అంది. ఆవిడ దగ్గర ఒప్పుకోవడమంటే అదే. కానీ పిల్ల మాత్రం వెళ్ళాల్సిందే అంది. కళ్ళు తిరిగి పడిపోయిన పిల్ల, రేపు పేషెంటు మీద పడితే ఎవరిది పూచీ అంది.

అప్పలనాయుడు గారు

మర్నాడు పొద్దున్నే ఆయన గేటు దగ్గరున్నాడు, చంకలో అదే గొడుగు. మేట్రన్ గారు, నేను వరండాలోకి వెళ్ళాం. పైడితల్లి పెట్టె పక్కన నుంచుంది. పెట్టె సర్దమని ఆమెకి ముందే చెప్పేశారు. ముంతాజ్ వంటగది మూల నుంచి తొంగి చూస్తోంది.

"మా గుంట సవాన్ని సూసి జడుసుకున్నాదటండి?" అన్నాడు ఆయన. అని తనే తల అడ్డంగా ఊపాడు. "దాని వదిన్ని ఒల్లో ఎట్టుకుని కూకున్నాదండి అది, బండిలో. దానికి బయ్యవేటి?"

నేను జరిగింది చెప్పాను. తొట్టి, డ్యూటీ, మెస్సు, అంతా. ఆయన మొహం నల్లబడింది. మా కూతురికి కూడెట్టనేదా అంటాడేమో అనుకున్నాను. మేట్రన్ గారు అందుకుంది. మీరు మైల మైల అంటారు, ఇక్కడ రోజుకొకరు పోతారు, పోయినప్పుడల్లా మీ అమ్మాయికి పదేసి రోజులు సెలవిమ్మంటారా అని అడిగింది.

"అదేటి మేట్రనమ్మగారు, అలగంటారు" అన్నాడాయన. గొంతు పెంచలేదు. "పరాయోలి సావుకి ఒక్క తానం సాలండి. తలమీంచి రెండు సెంబులు పోసుకుంటే పోద్ది. రోజులు పట్టేది మనోలికేనండి."

 

ఆయన కూతురి వైపు తిరిగాడు. "ఏటే, ఎలిపోదామా?"

 ఆ పిల్ల ఔనంటే బండి ఎక్కి వెళ్ళిపోతుంది, మళ్ళీ జన్మలో గడప దాటదు. ఎవరం ఏమీ చెయ్యలేం. మేట్రన్ గారు కూడా ఆ పిల్ల మొహమే చూస్తోంది.

"నీల్లుంటే ఉంతానయ్యా" అంది పైడితల్లి.

 ఆయన పెట్టె ఎత్తి వరండాలో గోడవారగా పెట్టాడు. గొడుగు తీసుకుని వెళ్ళిపోయాడు. కోపంగా వెళ్ళాడో, ఒప్పుకుని వెళ్ళాడో మాకు అర్థం కాలేదు. పిల్లకి కూడా తెలియలేదు. మేట్రన్ గారు మాత్రం, పూచీ ఎవరిదన్న మనిషి, వెళ్ళి చీర మార్చుకుని డ్యూటీకి రా అంది.

వారం తిరక్కుండా ఒక కూరగాయల లారీ ఆస్పత్రి వెనక గేటు దగ్గర ఆగింది. వంకాయల బస్తాల మధ్య గడ్డి చుట్టి ఒక సిమెంటు గోలెం. పశువులకి కుడితి పోసేలాంటిది, కొత్తది, నడుం ఎత్తుంది. అప్పలనాయుడు గారు లారీలోంచి దిగి, ఏదెక్కడ దింపమంటారండి అని అడిగాడు. శవాల గది వెనక, గోడ చాటున దింపించాం. నలుగురు పట్టినా కదలనంత బరువు. అందుకే దాన్ని ఎవరూ ఎత్తుకుపోలేదు, ఏ ఆఫీసరూ మార్చలేదు.

పొద్దున్న కుళాయి రాగానే ముందు గోలెం నింపాలి, తర్వాతే తొట్టి. ఆఖరి పని చేసిన పిల్లకి మెస్సులో కంచం మూతపెట్టి ఉంచాలి. ఈ రెండూ మేట్రన్ గారే ఆర్డరు వేసింది. ఆఖరి పని కొత్త పిల్లలకే అనే ఆచారం తీసేసి, వంతుల ప్రకారం అందరికీ వేసింది. మరుసటి ఏడు కొత్త పిల్లలు వచ్చినప్పుడు వరసలో నిలబెట్టింది గానీ, ఆ ప్రశ్న అడగలేదు. ఎందుకడగలేదో నేనూ అడగలేదు.

మీకు చెప్పేది

గోలెం వచ్చాక మానేసేవాళ్ళు ఆగిపోయారని రాయాలని ఉంది. ఆగలేదు. ఒక పిల్ల డాక్టరు నోటి దురుసు భరించలేక పోయింది. ఒక పిల్లకి పెళ్ళి కుదిర్చి తీసుకుపోయారు. ఒక పిల్ల తల్లి మంచాన పడితే తమ్ముళ్ళకి వండిపెట్టేవాళ్ళు లేక పోయింది. వాళ్ళని నేను ఆపలేకపోయాను. కానీ వాళ్ళందరూ చెప్పి వెళ్ళారు. ఏమీ చెప్పకుండా చిక్కిపోయి మాయమైపోయే పిల్లలు మాత్రం తగ్గారు.

మన ఉద్యోగంలో ఒక జబ్బుంది. కష్టపెడితే గట్టిపడతారనుకుంటాం. పోయినవాళ్ళు మెత్తనివాళ్ళు, ఉన్నవాళ్ళు గట్టివాళ్ళు అని తేల్చేస్తాం. నేను చూసినంతలో పోయినవాళ్ళలోనే గట్టివాళ్ళు ఎక్కువ. మాట చెప్పుకోలేని చోట నోరు మూసుకుని, పస్తుండి, పని మాత్రం వంక పెట్టకుండా చేసి మరీ పోయారు. పిల్ల మానేస్తానంటే దేనికి భయపడ్డావని అడక్కండి. అన్నం ఎప్పుడు తిన్నావని అడగండి. జవాబు నచ్చకపోయినా, నాలాగా కడుపు మండినా, ముందు బకెట్టు నీళ్ళిచ్చి తర్వాత పోట్లాడండి.

ఇంతకంటే నాకు తెలిసింది లేదు. ఇక్కడితో ఆపేద్దామనుకున్నాను. కానీ గోలెం సంగతి రాసి, ఇది రాయకపోతే సగమే చెప్పినట్టవుతుంది.

మా అమ్మ

పైడితల్లి ట్రైనింగు పూర్తి చేసింది. ముంతాజ్ వన్ టౌన్‌లోనే పనిలో చేరింది. పైడితల్లికి వాళ్ళ ఊరి వైపు పోస్టింగు వచ్చేవరకూ మా వార్డులోనే పనిచేసింది. ఆ రోజుల్లోనే మా అమ్మని అక్కడ చేర్చాను. ఊపిరితిత్తులు. మాంగనీసు దుమ్ము ఎన్నేళ్ళు మింగిందో పాపం.

అమ్మ ఒక మధ్యాహ్నం పోయింది. ఎంతమందికి ఆఖరి పని చేసిన చేతులు నావి, ఎంతమంది పిల్లలకి నేర్పిన చేతులు. అమ్మ మీద పెట్టబోతే లేవలేదు. గోడకి ఆనుకుని నుంచున్నాను. పైడితల్లి ఎవరూ పిలవకుండానే వచ్చింది. కళ్ళు మూసింది, ఒళ్ళు తుడిచింది, అంతా చేసింది. అరుగు మీంచి దోసిట్లో నీళ్ళు తాగిన మా అమ్మ తల ఎత్తి తన మోచేతి మీద పెట్టుకుని, జుట్టు చిక్కు తీసి, దువ్వి, ముడేసింది.

అంతా అయ్యాక బయటికి వెళ్ళింది. గోలెంలో చెంబు ముంచిన చప్పుడు వినిపించింది, నీళ్ళు పడుతున్న చప్పుడు. ఆ గోలెం కోసం పోట్లాడింది నేనే. ఎవరు పోయినా పోసుకుంటుందని తెలిసినదాన్నే. అయినా ఆ చప్పుడు నాకు గుచ్చుకుంది. మా అమ్మకి కూడానా అనిపించింది. దుఃఖంలో మనిషికి న్యాయం ఉండదు.

అమ్మని సమాధి చేసి, రెండ్రోజుల తర్వాత వార్డులో మిగిలిపోయిన అమ్మ దుప్పటి, గ్లాసు తెచ్చుకుందామని వెళ్ళాను. పైడితల్లి బల్ల దగ్గర కూర్చుని కట్లు కట్టే గాజుగుడ్డ మడతలు పెడుతోంది. నేను ఆశ్చర్యపోయాను. ఆ రోజు వాళ్ళ చిన్నాన్న కూతురి పెళ్ళి. నెల ముందే నా దగ్గర సెలవు పెట్టుకుంది, పూర్ణా మార్కెట్టుకెళ్ళి చీర కొనుక్కుని నాకు చూపించింది కూడా.

"పెళ్ళికి వెళ్ళలేదేం?" అన్నాను.

"మైలండి టీచరమ్మ" అంది, తలెత్తకుండా.

అదేమిటి, ఆ రోజే గోలెం దగ్గర నీళ్ళు పోసుకున్నావు కదా, పోయింది కదా అనబోయాను. సగం మాట నోట్లో ఉండగానే అప్పలనాయుడు గారు వరండాలో నుంచుని రోజుల గురించి అన్న మాట గుర్తొచ్చి ఆగిపోయాను.

"మీ నాన్న ఏమంటాడో?" అన్నాను. 

"అయ్యకి కబురెట్టినానండి. నిజవేలే, రావొద్దు అన్నాడండి."

అమ్మ దుప్పటి పక్కన పెట్టాను. బల్ల ఇవతల కూర్చుని, గుడ్డ రెండో కొస పట్టుకున్నాను.